మంచం కింద ఫ్యాను

కింద మెట్ల దగ్గర టైలరు కత్తెరతో ఇనపకమ్మీ మీద ఠంగుఠంగుమని కొట్టాడు.

"వచ్చేశారు!" అంటూ భర్తగారు కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. పని అనే మాట చెవిన పడితే చాలు నడుం పట్టేసే మనిషి, ఈ ఒక్క పనికి మాత్రం కుర్రాడైపోతాడు.

"ఫ్యాను ముందా, నేను ముందా?" అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ.

"నువ్వు పడుకున్నాక తోస్తే కాలికి తగుల్తుందమ్మా. ఫ్యానే ముందు."

"మొన్నసారి నేనే ముందు పడుకున్నాను."

"మొన్నసారి వచ్చింది కరెంటు మీటరు చూసేవాడు. అది లెక్కలోకి రాదు."

స్టాండు ఫ్యాను మంచం కిందకి వెళ్ళింది. అత్తగారు మంచం ఎక్కింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కచేరీకి కూర్చున్న మనిషిలా ఒకసారి గొంతు సవరించుకుంది.

కోడలు అప్పుడే హోటల్ లాండ్రీలో పని ముగించుకుని వచ్చి కంచం ముందు కూర్చుంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆ ముద్ద కంచంలో పడేసి, మిక్సీని ఎత్తి బియ్యం డబ్బాలో దించి, మూతపెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ అలవాటుకి చేతులు వాటంతట అవే పని కానిచ్చేశాయి.

ఆ నాలుగంతస్తుల భవనంలో సర్కారిచ్చే భృతి మీద బతికే కాపురాలే ఎక్కువ. తనిఖీకని చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి ఎవరు మెట్ల మీద కాలు పెట్టినా టైలరు కత్తెర మోగుతుంది. మోగగానే ఒక ఇంట్లో టీవీ పరుపుల మధ్యకి పోతుంది, ఇంకో ఇంట్లో సైకిలు బాత్రూంలోకి పోతుంది. కుట్టుమిషను దాచడానికి చోటు లేక టైలరు దాన్ని బయటే ఉంచుకుంటాడు. అందరికోసం తను చేస్తున్న త్యాగం అదేనని చెప్పుకుంటాడు.

కరెంటు పోయి చాలాసేపయింది. కిటికీలోంచి వచ్చే సాయంత్రపు వెలుతురులో ఆ గది మామూలుగానే దీనంగా ఉంది. అదనపు ఏర్పాట్లేమీ అక్కర్లేదు.

తలుపు తట్టారు. భర్తగారు ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో తలుపు తీశాడు.

ముందుగా లోపలికి వచ్చింది ఉద్యోగాలమ్మ.

అది అత్తగారు పెట్టిన పేరు. ఎదురుపడితే మాత్రం మేడమ్ అనే అంటుంది. ఉపాధి కేంద్రం నుంచి వచ్చే ఆవిడకి భృతి మీద ఉన్నవాళ్ళకి పని వెతికి పెట్టడం, పెట్టిన పనిలో నిలబెట్టడం, నిలబడ్డాక ఒక మెట్టు పైకెక్కించడం ఉద్యోగం. కోడలి విషయంలో మొదటి రెండూ అయ్యాయి. భర్తగారి విషయంలో మొదటిది మాత్రం చాలాసార్లు అయింది. చివరిసారి పరుపుల షాపులో పెట్టించింది. పరుపు ఎంత మెత్తగా ఉందో కొనేవాళ్ళకి పడుకుని చూపించడం పని. చూపించాడు. వాళ్ళు పరుపు కొనుక్కున్నాక కూడా లేవలేదు.

ఆవిడ వెనకాల, తలుపు సగం నిండిపోయేంత మనిషి వంగి లోపలికి వచ్చాడు. ఆయన్ని చూడగానే కోడలు కంచం ముందు నుంచి లేచి నిలబడింది.

లాండ్రీ మేనేజరు.

ఇవాళ సాయంత్రం ఆయన వస్తారని కోడలు పొద్దున్నే మొగుడి చెవిలో వేసి వెళ్ళింది. "మేనేజరుగారు మనల్ని చూసి వెళ్తారంట. భృతి ఆఫీసు వాళ్ళు కాదు. ఏదీ దాచక్కర్లేదు. అత్తయ్యకి చెప్పండి. కింద కత్తెర కొట్టొద్దని చెప్పండి." దానికాయన "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ నిద్రలోంచి వచ్చిందని ఇప్పుడర్థమైంది.

పోయిన వారమంతా ఆ ఇంట్లో నడిచిన రభస ఇందుకే. పొద్దుటి షిఫ్టుకి కోడల్ని సూపర్‌వైజరుగా వేస్తామన్నారు. తెల్లవారకముందే వెళ్ళి లాండ్రీ తలుపు తెరవాలి, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉండే గది తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. జీతం పెరిగితే భృతి ఆఫీసు గుమ్మం మళ్ళీ ఎక్కనక్కర్లేదు. అయితే ఆమెకంటే ముందు ఆ పనిలోకి ఎక్కిన ఇద్దరూ ఇంటి తిప్పలతో నాలుగు రోజులకే దిగిపోయారట. అందుకని మేనేజరుకు భయం. "మీరే వచ్చి చూసుకోండి సార్, ఆ ఇంట్లో ఏ అడ్డూ లేదు" అని ఉద్యోగాలమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ అడ్డు మంచం మీంచి మూలిగింది.

అత్తగారి మూలుగుల్లో తరగతులున్నాయి. ఒక్కడే వస్తే మామూలు మూలుగు. ఫైలుతో వస్తే మూలుగూ దగ్గూ. ఇవాళ ఇద్దరొచ్చారు, అందులో ఒకరు భారీ మనిషి. పెద్ద ఆఫీసరే అనుకుని ఎన్నడూ బయటికి తియ్యని మూలుగొకటి తీసింది. అది పొట్టలో మొదలై, రాగం తీసి, "నాయనా, ఇంక నన్ను తీసుకుపో" దగ్గర ఆగింది.

ఉద్యోగాలమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మొన్ననే ఈ అత్తగారు కూరగాయల బజారులో బండివాణ్ణి రెండు వీధులు తరిమి మరీ కుళ్ళిన వంకాయలు మార్పించుకోవడం ఆవిడ కళ్ళారా చూసింది.

"అయ్యో!" అన్నాడు మేనేజరు. శరీరం ఎంత పెద్దదో మనసు అంత మెత్తన ఆయనది. లాండ్రీలో ఎవరైనా పెళ్ళిచూపులని సెలవడిగితే కూడా కళ్ళు తుడుచుకుని ఇచ్చే రకం. "పెద్దావిడకి ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

కోడలు నోరు తెరిచేలోపే భర్తగారు అందుకున్నాడు. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ఎప్పుడూ జవాబు తయారుగా ఉంటుంది.

"ఏం చెప్పమంటారు సార్. మంచం దిగి ఎరగదు."

"మరి చూసుకునేదెవరు?"

"ఇంకెవరు సార్, మా ఆవిడే. లేపాలన్నా తనే, తినిపించాలన్నా తనే. నేనా, చూస్తున్నారుగా నా నడుం." నడుం చూపించాడు. "తను ఒక్క గంట లేకపోతే ఈ ఇల్లు ఇల్లు కాదు."

కోడలు కళ్ళు పెద్దవి చేసింది. పెళ్ళాం మెచ్చుకుంటోందనుకుని ఆయన రెచ్చిపోయాడు.

"తెల్లవారుజామున మరీ కష్టం సార్. ఆ టైములో అమ్మకి ప్రాణం పోయినంత పనవుతుంది."

"ఏవండీ," అంది కోడలు పళ్ళ బిగువున, "వీరు మా మేనేజరుగారు."

"ఎవరైతేనేం, అందరికీ తెలియాలి కదే మన కష్టం," అని ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట చెవి నుంచి బుర్రకి చేరడానికి కాస్త సమయం పట్టింది. చేరాక ఆయన మొహం మాడిపోయింది. నడుం మీది చెయ్యి తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ నడుం మీదే పెట్టుకున్నాడు.

మంచం మీద మూలుగు ఒక్కసారి ఆగింది. అత్తగారికి అర్థమైంది. కానీ మొదలుపెట్టిన మూలుగు ఠక్కున మానేస్తే ఇంకా అనుమానం కదా అని కాస్త తగ్గించి కొనసాగించింది.

కోడలు మనసులోనే లెక్కలు వేసుకుంది. ఏం చెప్పాలి? ఇదంతా నిజమంటే తెల్లవారుజాము షిఫ్టు పోయినట్టే. అబద్ధమంటే, మేనేజరు కళ్ళలో దుమ్ముకొట్టిన ఇంటికి తాళాలెవరిస్తారు?

మేనేజరు జేబురుమాలు తీశాడు.

"అమ్మా, ఇంత కష్టం కడుపులో పెట్టుకుని నువ్వు రోజూ నవ్వుతూ పనికొస్తున్నావా? నాకు తెలియకపోయె. నీ నెత్తిన ఇంకా బరువు పెట్టడానికి నేను మనిషిని కానా? సూపర్‌వైజరు సంగతి మరిచిపో. రేపటినుంచి నువ్వు సగం పూటే రా. మిగతా సగం ఇంట్లో ఉండి ఈవిణ్ణి చూసుకో."

"సార్!" అన్నారు కోడలూ ఉద్యోగాలమ్మా ఒకేసారి.

"లేదు, లేదు. నాకు థ్యాంక్స్ చెప్పకండి."

సగం పూట అంటే సగం జీతం. సగం జీతమంటే మళ్ళీ భృతి ఆఫీసు, మళ్ళీ ఆ బల్లలు, ఆ వరస, మళ్ళీ సామాను లెక్కపెట్టే చూపులు. ఇన్నాళ్ళు ఎక్కిన మెట్లన్నీ ఆయన దయతో ఒక్క మాటలో దించేశాడు. ఎవరైనా తిట్టి తీసేస్తే ఎదురు మాట్లాడొచ్చు. జాలిపడి తీసేస్తే ఏమనాలో కోడలికి తెలియలేదు.

అప్పుడు కరెంటొచ్చింది.

మంచం కిందకి తోసే హడావుడిలో ఎవరూ ఫ్యాను ప్లగ్గు తియ్యలేదు, స్విచ్చూ ఆపలేదు. అది గిర్రున తిరిగింది. మొదట మంచం అంచున వేలాడుతున్న దుప్పటి కొస లేచింది. తర్వాత మొత్తం దుప్పటి పూరీలా ఉబ్బింది. అత్తగారు రెండు చేతులతో అదిమింది. కాళ్ళవైపు లేచింది. కాళ్ళతో అదిమింది. తలవైపు లేచింది. ఈ యుద్ధం మధ్యలో కూడా ఆవిడ మూలుగు మానలేదు. పిల్లలు ఫ్యాను ముందు కూర్చుని ఆఆఆ అంటే ఎలా వణుకుతుందో, ఆ మూలుగు కూడా అలా వణుకుతూ గదంతా తిరిగింది.

మేనేజరు వంగి మంచం కిందకి చూశాడు. లేచి ఉద్యోగాలమ్మని చూశాడు. ఉద్యోగాలమ్మ గోడకున్న పాత క్యాలెండరుని శ్రద్ధగా చదువుతోంది.

"ఇదేంటి?" అన్నాడు.

"ఫ్యాను సార్," అన్నాడు భర్తగారు, ఆయనకి తెలియదేమోనన్నట్టు.

కోడలు వెళ్ళి స్విచ్చు ఆపింది.

"సార్, మా అత్తయ్యకి ఏ జబ్బూ లేదు. మా ఆయన నడుముకీ ఏం లేదు. ఇదంతా అబద్ధం."

"ఒసేయ్!" అన్నాడు భర్తగారు.

"మీరాగండి. ఎన్నాళ్ళని దాస్తాం?" అని మేనేజరు వైపు తిరిగింది. "ఒకప్పుడు తనిఖీకి వచ్చినాయన ఈ ఫ్యాను చూశాడు సార్. ఫ్యాను గాలి పీల్చేవాళ్ళకి భృతెందుకని రాసుకుపోయాడు. ఎండాకాలమంతా భృతి రాలేదు. మావయ్యగారి చివరి రోజులవి. ఆయన మంచం పక్కన ఈ ఫ్యాను ఉంది, ఇంట్లో బియ్యం లేవు. అప్పట్నుంచి ఎవరొచ్చినా ముందు ఫ్యాను దాస్తాం. మీరొస్తున్నారని తెలిసి కూడా మిక్సీ నేనే దాచాను సార్. ఎందుకు దాచానో నాకే తెలీదు. సిగ్గుగా ఉంది."

నిజంగానే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మేనేజరు మొహంలోకి చూడలేక ఆయన బూట్లకేసి చూస్తూ నిలబడింది.

దుప్పటి తన్నేసి అత్తగారు లేచి కూర్చుంది.

"ఏ జబ్బూ లేదా? అలా అనేస్తావేంటే మొహం మీదే? పాతికేళ్ళ నుంచి మూలుగుతున్నాను, ఒక్క ఆఫీసరూ వంక పెట్టలేదు. ఇంటి కోడలివయ్యుండి నువ్వు పెట్టావా?"

"అత్తయ్యా, ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఏమయ్యా, నువ్వు చెప్పు. నా మూలుగు నమ్మావా లేదా?"

"నమ్మానండీ," అన్నాడు మేనేజరు. "ఏడ్చాను కూడా."

"విన్నావా?" అంది అత్తగారు కోడలితో, కాస్త శాంతించి.

ఉద్యోగాలమ్మకి నవ్వాగలేదు. క్యాలెండరు వైపు తిరిగే నవ్వింది. మేనేజరు మాత్రం నవ్వలేదు. జేబురుమాలు మడతపెట్టి లోపల పెట్టుకున్నాడు.

"నవ్వులాట కాదు మేడమ్. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను ఇంతసేపు బుట్టలో వేశారు. ఇలాంటి ఇంటికి గది తాళాలు ఎలా ఇవ్వమంటారు? పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"సార్, నోరు మూసుకుని ఊరుకుంటే సగం పూట ఉద్యోగమైనా మిగిలేది. అదీ పోతుందని తెలిసే మీతో నిజం చెప్పింది," అంది ఉద్యోగాలమ్మ. "ఇరవైమందిని తీసుకొచ్చి మీ ముందు నిలబెడతాను. వాళ్ళలో ఇలా నిజం చెప్పేవాళ్ళని ఒక్కర్ని చూపించండి."

మేనేజరు కోటు జేబులో చెయ్యి పెట్టాడు. లోపల తాళాలు గలగలమన్నాయి. తీయనూ లేదు, చెయ్యి బయటికి తీసుకోనూ లేదు.

"సరే. పెద్దావిడ చెప్పాలి," అన్నాడు చివరికి. "అమ్మా, ఈసారి నాటకాలొద్దు. నిజం చెప్పండి. తెల్లవారుజామున ఈ అమ్మాయి ఇంట్లో లేకపోతే మీకు ఇబ్బందా, కాదా? ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి. తర్వాత నాలుగు రోజులకి మానిపించొద్దు."

అత్తగారు దుప్పటి కొస మడతలు సరిచేసుకుంది.

కోడలు తలెత్తి ఆవిణ్ణి చూసింది. ఇందాక ఏ జబ్బూ లేదని గట్టిగా చెప్పేసిన మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎందుకంటే అదొక్కటీ పూర్తి నిజం కాదు.

రాత్రంతా పడుకుని లేచేసరికి అత్తగారి మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అప్పుడావిడ అడుగు తీసి అడుగు వెయ్యలేదు. రోజూ తెల్లవారకముందే కోడలు లేచి, ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మెత్తగా రుద్ది, చెయ్యిచ్చి లేపి, గోడ పట్టించి నాలుగడుగులు నడిపిస్తుంది. భవనం నిద్ర లేచేసరికి అత్తగారు బజారులో బండివాళ్ళని తరిమే మనిషిగా తయారవుతుంది. ఈ సంగతి ఇద్దరాడవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసర్ల ముందు లేని జబ్బులన్నీ పడే మనిషి, ఉన్న జబ్బు మాత్రం కొడుక్కి కూడా చెప్పనివ్వలేదు. "వాడికి తెలిస్తే భయపడతాడే. భయపడితే ఇంక ఆ కుర్చీలోంచి లేవడు," అంది ఒకసారి.

పోయిన వారమంతా ఆవిడ ఎందుకు గొడవపడిందో కోడలికి ఇప్పుడు తట్టింది. తెల్లవారుజామున వీధుల్లో కుక్కలుంటాయంది, పొద్దుటి చలి పడదంది, ఆడదానికి అంత అధికారం ఎందుకంది. నాకు నువ్వు కావాలే అని మాత్రం అనలేదు.

"నాకా? ఇబ్బందా?" అంది అత్తగారు. కోడలి వైపు చూడకుండా మేనేజరు వైపే చూస్తూ అంది. "అది చెప్పింది కదయ్యా. నాకేం రోగం? రాయిలా ఉన్నాను. తెల్లవారుజామున ఇది ఇంట్లో ఉండి చేసేదేముంది, గిన్నెలు చప్పుడు చేసి నా నిద్ర పాడుచెయ్యడం తప్ప? తీసుకుపో."

"అత్తయ్యా," అంది కోడలు.

"నువ్వు నోర్ముయ్. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి?"

ఇన్నేళ్ళలో ఆవిడాడిన అబద్ధాలన్నిట్లోకీ అందంగా ఉన్న అబద్ధం అదే. ఎవరికోసం ఆడిందో కోడలికి తెలుసు. ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

మేనేజరు జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. "చాచమ్మా చెయ్యి," అన్నాడు. కోడలు రెండు చేతులూ చాచింది. గుత్తి బరువుగా, చల్లగా అరచేతుల్లో పడింది. సూపర్‌వైజరు. ఆ ఇంట్లో తాళాలు మోసే ఉద్యోగం వచ్చింది ఆమెకే మొదట. సంతోషపడాలన్న సంగతి ఆమెకి గుర్తుకే రాలేదు.

"మంచిది. వెళ్ళొస్తాం," అన్నాడు మేనేజరు.

"ఉండవయ్యా. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం దాకా సాగనంపనా?" అంది అత్తగారు. రాయిలా ఉన్నానని అన్నాక నిరూపించుకోవాలనిపించినట్టుంది. కాళ్ళు మంచం దించింది. రెండు చేతులూ పక్కన ఆనించి పైకి లేవబోయింది.

లేవలేకపోయింది. ఇంతసేపు మంచం దిగని మోకాళ్ళు బిగుసుకుపోయాయి.

మళ్ళీ ప్రయత్నించింది. మొహంలో రంగు మారింది. అలవాటు చొప్పున కుడిచెయ్యి కోడలి వైపు చాచింది. చాచాక గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది. అప్పటికే మేనేజరు చూశాడు.

కోడలి చేతుల నిండా తాళాలున్నాయి. ఆమె ఒక్క అడుగు ముందుకి వేసింది. అత్తగారి కళ్ళు ఆమెని అక్కడే ఆపేశాయి.

"ఏమైందమ్మా?" అన్నాడు మేనేజరు.

భర్తగారు పకపకా నవ్వాడు. ఆయన చాలాసేపటి తర్వాత నవ్వడం అదే.

"చూశారా సార్, మా అమ్మ నాటకం! చాలమ్మా, ఇంక ఆపు. వీళ్ళు మనవాళ్ళే!"

మేనేజరు కూడా నవ్వాడు, ఈసారి మనస్ఫూర్తిగా, పొట్ట కదిలేలా. ఉద్యోగాలమ్మ నవ్వింది. అందరికంటే కాస్త ఆలస్యంగా, మంచం కోడు గట్టిగా పట్టుకుని అత్తగారు కూడా నవ్వింది.

"రేపటినుంచే మరి," అన్నాడు మేనేజరు మెట్లు దిగుతూ. "తెల్లవారకముందే తలుపు తియ్యాలమ్మా. మరిచిపోకు."